నలభై ఏడో పేజీ

పగలు స్తంభాలెక్కుతాను, రాజోలు సెక్షన్లో.
రాత్రి దెయ్యాల పుస్తకాలు సర్దుకుంటాను.
నూట అరవై మూడున్నాయి, అన్నీ మొదటి ముద్రణలే,
వేపాకూ కలరా ఉండలూ వేసిన ఇనప్పెట్టెలో.
పెట్టె మీద కొబ్బరిపీచు పరుపు, పరుపు మీద నేను.

చేతబడుల మీద నాకు నమ్మకం లేదు.
అట్టల మీద ఉంది.
జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, వెనకాల చంద్రుడు,
చంద్రుడి మీద అద్దె షాపు వాడి ఊదారంగు ముద్ర:
"పేజీ చింపినవారికి జరిమానా ఒక రూపాయి."
లోపలెవరో పెన్సిల్‌తో,
"ఇక్కణ్ణుంచి పగలు చదవండి."
ఆ చేతిరాత కోసమే పుస్తకం కొన్న రోజులున్నాయి.

మొదటి ముద్రణ పోల్చుకోడం కష్టమేం కాదు.
వెల నాలుగు రూపాయలుండాలి,
ఆరని చీటీ అంటించి ఉండకూడదు.
వెన్నుకి రెండు పిన్నులు, తుప్పు పట్టినవైతే మరీ మంచిది.
తడిసిన చార ఉంటే వాసన చూసి ఏడాది చెబుతాను.
ఎనభై ఆరు వరదదైతే ఒండ్రు,
తొంభై ఆరు తుపానుదైతే ఉప్పు.

"ఏడో లాకు" మాత్రం దొరకలేదు.
రాసినాయన అట్ట మీద భైరవాంశ.
జీతాల రిజిస్టరులో కాలవల శాఖ గుమాస్తా,
మిరపకాయ బజ్జీ తింటే ఎక్కిళ్లొచ్చే మనిషని విన్నాను.
నలభై ఏడో పేజీ, పైనుంచి ఆరో లైను,
"ఆ ఇంటిని ప్రేతం పట్టుకుంది" అని ఉండాల్సినచోట
"ప్రేమ పట్టుకుంది" అని పడింది.
రెండో ముద్రణకి దిద్దేశారు.
ఆ తప్పు కోసం పదకొండేళ్లు తిరిగాను.
తణుకులో పాత కాగితాల కొట్లు,
పాలకొల్లులో మూతపడ్డ లైబ్రరీ అటక.
మండపేటలో ఒకాయన టీ పోసి మరీ రెండోది అంటగట్టాడు.

నర్సాపురంలో ఉందని
లేసు బేరానికి తిరిగే కుర్రాడు చెప్పాడు.
సలోమి గారింట్లో, అల్లిన లేసు ముడతలు పోవడానికి
కింద పాత బైబిలు, మధ్యన లేసు,
పైన బరువుకి "ఏడో లాకు".

తెరిచాను. పదకొండు కేవీ దగ్గర వణకని చేతులు వణికాయి.
మొదటి పేజీలో ఆకుపచ్చ సిరా,
గెజిటెడ్ ఆఫీసరు బల్ల మీంచి కొట్టేసిందే అయ్యుంటుంది:
"కంపోజిటరు దానియేలు గారికి.
నేను రాసింది భయం, మీరు పేర్చింది నిజం.
ఆ రోజు కోప్పడ్డాను, మనసులో పెట్టుకోకండి.
దిద్దొద్దనే చెప్పాను, ప్రెస్సు యజమాని వినలేదు."
కింద సంతకం. భైరవాంశ కాదు, అసలు పేరు.
నా పెట్టెలోని తొమ్మిది సంతకాల్లో
ఎక్కడా లేని పేరు.

ఎనిమిది వేలన్నాను. పన్నెండన్నాను.
సలోమి గారు దారపుకండె ఒళ్లో పెట్టుకుని
"ఆ పూట మా నాన్న దగ్గర 'త' అచ్చులు అయిపోయాయండి.
భీమవరం నించి తెప్పిద్దామంటే
ఫారం మిషనెక్కేస్తోంది.
ఉన్న అక్షరంతో పూడ్చేశాడు, అంతే.
అందులో నిజమేంటో మాకు తెలీదండి" అంది.
పుస్తకం తీసుకుని మళ్లీ లేసు మీద పెట్టింది.
"దీని బరువు సరిగ్గా సరిపోద్దండి. ఇంకోటైతే జారిపోద్ది."

ఆఖరి పంటు ఎక్కాను.
సంచిలో పుస్తకానికని తెచ్చిన ప్లాస్టిక్ కవరు, ఖాళీది.
వశిష్ఠ మధ్యకొచ్చేసరికి
ఇటు నర్సాపురం, అటు సఖినేటిపల్లి
ఒక్కసారే ఆరిపోయాయి.
ఫోను మోగింది. "ఫీడరు పోయింది, ఎక్కడున్నావయ్యా?"
చెప్పడానికి ఏ గట్టూ కనిపించలేదు.
సైకిలు పట్టుకున్న ముసలాయన
"భయమేస్తందా బాబూ?" అన్నాడు చీకట్లోంచి.
లేదండీ అన్నాను.
నోట్లో ఆరో లైను తిరుగుతోంది,
'త' లేకుండా.